నికనోర్ లెక్కలో మా ఇల్లు ఒక మేక

ఇల్లు కనబడితే ధర చెప్పకుండా నికనోర్ కస్సియాని నోరు మూతపడేది కాదు. చావింటికి వచ్చినా ముందు దూలాల వంక చూసి, తరవాతే శవం వంక చూసేవాడు. ధరైనా పెసోల్లో చెప్తాడా అంటే, ఆవుల్లో. "పెసో ఎప్పుడు చిక్కిపోయిందో తెలీదు. ఆవు చిక్కితే కంటికి కనబడుతుంది" అనేవాడు. ముసలితనం మీద పడేదాకా బజారులో మాంసం కొట్టు నడిపాడు మరి. ఆవుని చూసి మాంసం ఎంత దిగుతుందో చెప్పినట్టే, ఇంటిని చూసి ఆవులెన్నో చెప్పేవాడు.

కార్తహేనాలో మా హెత్సెమని పేటవాళ్ళకి పొద్దువాలితే ఇంట్లో కూర్చునే అలవాటు లేదు. కుర్చీలు వీధిలో పడాల్సిందే. నేను గుమ్మంలో మూకుడు పెట్టి అరేపాలు, అంటే గుడ్డు కూరిన మొక్కజొన్న రొట్టెలు, వేయించి అమ్మేదాన్ని. ఎదురుగా నికనోర్. పక్కింటి తెల్మిరా అతన్ని కదిపేది.

"ఏమయ్యా, ఇవాళ మా ఇల్లెంత?"

"పద్నాలుగు ఆవులు."

"మొన్న పదకొండన్నావు. నేను సున్నమైనా వెయ్యలేదే."

"నువ్వేం చెయ్యక్కర్లేదు. మలుపులో టూరిస్టుల హోటలు తెరిచారుగా. గోడ నీది, ధర వాళ్ళది."

అక్టోబరు వానకి వీధిలో మోకాటిలోతు నీళ్ళు నిలిస్తే "రెండు ఆవులు కొట్టుకుపోయాయి" అన్నాడు. ఎవరో వచ్చి గోడ మీద పెద్ద చిలక బొమ్మ వేసి పోతే "దూడ పుట్టింది" అన్నాడు. తెల్మిరా మాత్రం అదే కుర్చీలో, అదే చిల్లు చెప్పులతో, ఒకరోజు షావుకారు, ఒకరోజు బికారి.

మా ఇల్లు మాత్రం ఏ వానకీ తగ్గేది కాదు, ఏ హోటలుకీ పెరిగేది కాదు. "మేక" అనేవాడు. అంతే.

"తెల్మిరాకీ నాకూ మధ్యగోడ ఒకటే కదా నికనోర్."

"అటువైపు ఆవు, ఇటువైపు మేక."

"నీ కళ్ళకి పొరలొచ్చాయి."

"మేకని చూడ్డానికి ఇవి చాలు, దొన్యా ఎదిల్మా." మర్యాదకి మాత్రం లోటు లేదు, పేరుకి ముందు దొన్యా తగిలించేవాడు.

పైగా అతనికో పికో ఉండేది. మనిషంత ఎత్తున, మంటల బొమ్మలేసిన పాటల పెట్టె. మోగితే కడుపులో పేగులు తాళం వేస్తాయి. తెల్ల పంట్లాం వాడెవడైనా కొనడానికి ఇళ్ళు చూసుకుంటూ వీధిలోకి వచ్చాడంటే చాలు, నికనోర్ ఆ పెట్టెని ఈడ్చుకొచ్చి మా గోడకి ఆనించేవాడు. మా గోడకే. మూకుట్లో నూనెకి అలలు లేచేవి. దేవుడి పటం మూడుసార్లు నేల మీద పడింది. వీధిలో ఇన్ని గోడలుండగా ముండమోపి గోడే దొరికిందా అని తిట్టేదాన్ని. నవ్వేవాడు.

ధర పెరిగిందని మురిసేది అమ్ముకుని పోయేవాళ్ళే. ఉండేవాళ్ళకి పెరిగేది పన్ను. కప్పు కారేది అక్కడే, కింద గిన్నె పెట్టేది అక్కడే, పన్ను చీటీ మాత్రం మేడలవాళ్ళకి వచ్చినట్టు వచ్చేది. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ మాత్రం తెలుసు. తెల్మిరా కొన్నాళ్ళు కట్టింది, తరవాత అమ్మేసింది. ఇప్పుడు ఊరి చివర నాలుగో అంతస్తులో ఉంటోంది. అక్కడ కుర్చీ వేసుకోవడానికి వీధే లేదు. ఆమె వంటింట్లో ఈతకొలను తవ్వారు. ఆమె ఉల్లిపాయలు తరిగిన చోట తెల్లవాళ్ళు మునిగి తేలుతున్నారు.

అప్పుడు దిగాడు మా మరిది ఉబాల్దో, బర్రంకియా నుంచి. అత్తమామల ఇల్లు కాబట్టి సగం అతనిది, సగం చచ్చిపోయిన మా ఆయన తరఫున నాది. ఇన్నేళ్ళలో కారే కప్పుకి ఒక పెంకు ఇచ్చిన పాపాన పోలేదు.

"వదినా, ఈ వీధి బంగారమైందట. అమ్మేద్దాం."

"నేనెక్కడికి పోను?"

"ఒప్పుకోకపోతే కోర్టు అమ్మిస్తుంది. నీ ఇష్టం."

మర్నాడు రాజధాని నుంచి కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. ధరెంతని వీధిలో ఎవర్నడిగినా నికనోర్‌నే అడగమన్నారు. అడిగారు.

"ఆ ఇల్లా? మేక" అన్నాడు నికనోర్.

"అర్థం కాలేదు."

"అర్థమవుతుంది, లోపలికెళ్ళండి."

లోపలికెళ్ళారు. పికో మోగింది. కొనేవాడు మధ్యగోడ మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు. కప్పు నుంచి రాలిన మట్టి అతని తెల్ల చొక్కా మీద పడింది. నేను అట్లకాడ పట్టుకుని వీధిలోకి ఉరికాను.

"ఆపుతావా, నీ బుర్ర పగలగొట్టనా?"

నికనోర్ కొనేవాడి వంక తిరిగి, "ఇది రోజూ ఉంటుందయ్యా. ఆదివారాలు తెల్లార్లూ" అన్నాడు. "ఈవిడ గొంతు వేరే. దాని ధర నేను కలపలేదు."

వాడు మళ్ళీ రాలేదు. తరవాత వచ్చిన ఇద్దరూ గడప కూడా దాటలేదు. పీకలదాకా కోపం వచ్చిన ఉబాల్దో, "ఈ మేకని నువ్వే కట్టేసుకో వదినా" అని తన సగం వచ్చినకాడికి నాకే అమ్మి పోయాడు. అరేపాలు వేయించి దాచుకున్న డబ్బు సరిపోయింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

సంతకాలు పెట్టి వచ్చిన సాయంత్రం తెల్ల పంట్లాం వాళ్ళు నలుగురు వీధిలో తిరుగుతున్నారు. పెట్టె మాత్రం నికనోర్ గుమ్మంలో దుప్పటి కప్పుకుని ఉంది.

"పాట ఏదీ?" అన్నాను.

"ఎందుకు? మేక ఎవరి దొడ్డికి చేరాలో వాళ్ళ దొడ్డికి చేరిందిగా."

ఇన్నాళ్ళూ మేక అన్నది ఎందుకో అప్పుడు వెలిగింది నాకు. మూకుడు మాడుతున్నా అటు పోలేదు. వీధిలో మిగిలిన కుర్చీలు రెండే, అతనిదీ నాదీ. నా కుర్చీ అతని పక్కకి లాక్కుని కూర్చున్నాను.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎంత?"

ఆ ఇంటిని అప్పుడే కొత్తగా చూసినట్టు గడప నుంచి పెంకు దాకా చూశాడు. "ముప్పై ఆవులు దొన్యా. ఒక ఆంబోతు" అన్నాడు మెల్లగా.

నాకు గర్వంతో మెడ నిలబడింది. అంతలోనే, పన్ను కోసం ఇళ్ళకి విలువ కట్టే అమ్మాయి పలక లాంటి ఫోను పట్టుకుని మలుపు తిరిగింది.

నికనోర్ వీధంతా వినబడేలా గొంతెత్తాడు. "ఎన్నిసార్లు చెప్పాలి దొన్యా, నీ ఇల్లు మేకే. అదీ కుంటిది."

"కుంటిదే కాదయ్యా, పాలు కూడా ఇవ్వదు" అన్నాను, అంతకంటే గట్టిగా.