గడప దాటని పుస్తకం

యూనివర్సిటీ లైబ్రరీకి అరుదైన పుస్తకాలు సేకరించడం నా ఉద్యోగం. మాదన్నపేటలో ఒకప్పుడు పాలవ్యాపారం చేసిన ఒక ముసలమ్మ ఇంట్లో చేతిరాత పశువైద్యం పుస్తకం ఉందని విని వెళ్లాను. రాసింది ఆమె మామ. రాతంతా తెలుగే, మందుల పేర్లు మాత్రం ఉర్దూవి. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి దాచింది.

"మా లైబ్రరీకి ఇయ్యి పెద్దమ్మా, ఏసీ రూంల పైలంగ ఉంటది" అన్నాను.

"పుస్తకం గడప దాటది బిడ్డా. మా మామ పెట్టిన కట్టడి. ఎవ్వలకు కావాల్నన్నా ఈడనే కూసోని చదవాలె, చాయ్ తాగి పోవాలె."

నాకు నవ్వొచ్చింది. మా అరుదైన పుస్తకాల గదిలోనూ అదే నియమం, చాయ్ ఒక్కటే తక్కువ. అక్కడ నీళ్ల సీసా కనబడినా కసురుతాం.

బర్రెకు పొదుగు వాచినా, కడుపు ఉబ్బినా చుట్టుపక్కలవాళ్లు ఆ ఇంటికే వచ్చేవారు. భర్త పోయి, ఉన్న బర్రెలు అమ్మేశాక ఆమెకు పలకరింపు అంటూ ఉన్నది వాళ్లతోనే. "గిది మీకిస్తే మా ఇంటికెవ్వలొస్తరు?" అని సూటిగా అడిగింది.

"అసలు ప్రతి రాకపోతే మనకెందుకు?" అన్నారు, లైబ్రరీకి వెళ్లి సంగతి చెబితే, మా పెద్దసారు. నాకు ఒళ్లు మండింది. మనకు కావలసింది కాగితమా, అందులో ఉన్న విషయమా అని గట్టిగానే వాదించాను. చివరికి పుస్తకం ఆమె దగ్గరే ఉంచి, ఫొటోలు మాత్రం తీసుకోవడానికి ఒప్పుకున్నారు. కెమెరా తీసుకెళ్లి ఆ ఇంట్లోనే పని చేశాం. ఆమె ఊపిరి తిరగనివ్వకుండా చాయ్ పోసింది. ఆ ఫొటోలు ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాం. వేరే యూనివర్సిటీలవాళ్లు మెచ్చుకుంటూ మెయిళ్లు పంపారు. పామూ చావకుండా, కర్రా విరగకుండా పనైందని మురిసిపోయాను.

మొన్న బోనాలప్పుడు అటు వెళ్లాను. ఆమె గడప దగ్గరే కూర్చుంది, పుస్తకం పక్కనే ఉంది.

"ఎవలన్న వస్తున్రా పెద్దమ్మా?"

"ఎందుకొస్తరు బిడ్డా? అందరికి ఫోన్లనే దొరుకుతుందట గద. నిన్న పక్కగల్లీ పాలాయన మా గడప ముంగల్నే నిలవడి, ఫోన్ల చూస్కోని పోయిండు."

నా మనసు చివుక్కుమంది. ఆమె తిట్టినా బాగుండేది. కొంచెం జరిగి చోటిచ్చింది.

"నువ్వన్న కూసో. చాయ్ పెడ్త."

నాకు బర్రె లేదు. అయినా కూర్చుని, ఎర్రగుడ్డ విప్పి, లోపల చాయ్ పెడుతున్న ఆమెకు వినబడేలా మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.