పులికాళ్ళ తొట్టి, మా వదిన

నా రాత బాగుండదు, తప్పులు కూడా పోతాయి. ఊరి బడిలో నాలుగో తరగతితో ఆగినవాణ్ణి. మన్నించి చదవండి. మా వదిన, అంటే మా అన్న భార్య, పోయిన మంగళవారం కన్నుమూసింది. నిండు వయసు. ఏడ్చినవాళ్ళకంటే ఆమె మాటలు చెప్పుకొని నవ్వినవాళ్ళే ఎక్కువ. నేనూ అదే చేస్తాను.

కల్వకుర్తి దగ్గర మాది నేత ఇల్లు. నిజాం కాలంలో, దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో మా ఊరి దొర పట్నం పారిపోతే, సంఘం వాళ్ళు అతని కోటలాంటి గడి తెరిచి ఇంటికొక వస్తువు తీసుకొమ్మన్నారు. అందరూ ఇత్తడి గంగాళాలకు ఎగబడ్డారు. వదిన మాత్రం దొర స్నానం చేసే ఇనుప తొట్టి దగ్గర కూర్చుంది. తెల్లటి పూత, కింద పులి పంజాల్లాంటి నాలుగు కాళ్ళు, అంచున ఇత్తడి నల్లా. పూతను గోటితో గీకి చూసింది, వేలితో కొట్టి చప్పుడు విన్నది.

"గిదెందుకే? నువ్వేమన్న దొరసానివా?" అన్నాడు అన్న.

"నీలి రంగుకు. పూత యాడ లేవలే. నూలుకు తుప్పు మరక పట్టది. ఆ నల్లా గూడ ఇప్పుండ్రి."

నూలుకు రంగేసే నీలి బానను మెడదాకా నేలలో పాతడం మా రివాజు. అందుకని అన్నా నేనూ తొట్టిని కూడా అంచుదాకా పాతేశాం. పాతాక గాని తెలియలేదు, నీళ్ళు పోయే రంధ్రం అడుగున ఉందని. వదిన నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"శాన మంచిగ జేసిండ్రు అన్నదమ్ములు! ఇగ చెంబుతోని తోడుకుంట కూసోండ్రి."

ఏళ్ళ తరబడి తోడాం.

నల్లా కోసం కుమ్మరితో చిల్లి ఉన్న కుండ చేయించి, దాన్ని ఆ చిల్లికి లక్కతో బిగించి, తొట్టి పక్కన గద్దె మీద పెట్టింది. లోపలి తోలు బిళ్ళ అరిగి నీళ్ళు కారితే, అన్న పాత చెప్పును కోసేది. తొట్టిని ఇసుకతో తోమనిచ్చేది కాదు. కుంకుడు రసం, మెత్తని బట్ట, అంతే. "పూత పోతే నూలు పోతది" అనేది.

తర్వాత పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన పోయింది గాని మా దొర తిరిగొచ్చాడు. గడి సామాను దొరికిన ఇంట్లో మగవాళ్ళను పట్టుకుపోతున్నారు. ఒక పొద్దున దొర గుమాస్తా ఇద్దరు పోలీసులతో మా వాకిట్లోకి వచ్చాడు. అన్న మగ్గం గుంటలోంచి లేవలేకపోయాడు. ఇత్తడి నల్లా తళతళమంటోంది. వదిన తొట్టిలోంచి తడి నూలు చిలపల కట్ట తీసి, ఆరేసినట్టు నల్లా మీద వేసింది.

"దొర తానం జేసే పులికాళ్ళ తొట్టి యాడున్నదే?" అన్నాడు గుమాస్తా.

"కాళ్ళున్నదైతే నడిచిపోయి ఉంటది పటేలా. జర అడివి దిక్కు సూడుండ్రి."

ఒక పోలీసు నవ్వాడు. గుమాస్తా మాత్రం తొట్టి వైపు వచ్చాడు. "మరి గిదేంది?"

"నీలి బాన. చెయ్యి పెట్టి సూడుండ్రి."

గుమాస్తా తన తెల్ల ధోతి పైకెత్తుకొని వెనక్కి జరిగాడు. వెళ్ళిపోయారు.

వాళ్ళు సందు దాటాక వదిన తొట్టి పక్కనే కూలబడింది. కాసేపటికి నవ్వు మొదలైంది. రంగంతా మాతో తోడించి, మంచినీళ్ళు నింపించి, చీరతోనే తొట్టిలో కూర్చుంది.

"జర సూస్త, గిండ్ల దొర ఏం సుఖపడ్డడో!"

అడుగున పేరుకున్న నీలి మడ్డి నీళ్ళలో కలిసి, లేచేసరికి మెడదాకా నీలం. నాలుగు రోజులు ఎంత తోమినా వదల్లేదు. అట్లాగే నీలి చేతులు ఊపుకుంటూ, చీరల మూట నెత్తిన పెట్టుకొని, అంగడి నడుమ నుంచి దర్జాగా నడిచిపోయింది. ఆ నడకను చూసినవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా మిగిలి ఉంటే, ఒక కార్డు ముక్క రాయండి. జల్దీ రాయండి, నాకూ పొద్దు వాలుతోంది.