నీళ్లు లేకుండా కోసిన రాయి

2021 చివర్లో సంగతి. కరోనా రెండో దెబ్బ తగ్గి, ఆగిపోయిన మేడలన్నీ మళ్లీ లేస్తున్న రోజులు. రాజమండ్రి మోరంపూడి వైపు నాకు రాతి షెడ్డు ఉంది. గ్రానైట్ కోసి వంటింటి గట్లు వేయడం నా వృత్తి. అప్పటికి రెండు మూడేళ్లుగా గ్రానైట్ అడిగేవాళ్లు తగ్గి, అందరూ క్వార్ట్జ్ అనడం మొదలుపెట్టారు. క్వార్ట్జ్ గనిలోంచి తవ్విన పలక కాదు. రాతి పొడిని జిగురుతో కలిపి, అచ్చులో నొక్కి తయారుచేసిన పలక. ఆ పొడిలో చాలా వంతు సిలికా. ఈ ముక్క మాకు అమ్మినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. రాయి రాయే కదా అనుకున్నాం.

రత్నకుమారి గారు ఫోన్‌లో ఫోటో పట్టుకుని వచ్చారు. కొత్త ఇంట్లో వంటగది మధ్యలో ఐలాండ్, అంటే నాలుగు పక్కలా తిరగగలిగే గట్టు కావాలి. దానికి వాటర్‌ఫాల్ అంచు ఉండాలి. పైపలక అంచు దగ్గర ఆగకుండా, పక్కనుంచి నేలదాకా జారినట్టు మరో పలక దిగాలన్నమాట. దాన్ని మేం కాలు అంటాం. తెలుపు మీద బూడిదరంగు చారలు పైనుంచి కిందికి ఎక్కడా తెగకూడదు.

"తెలుపు మీద పసుపు మరక పడితే వదలదండి. వేడి గిన్నె దించినా మచ్చ పడుతుంది," అన్నాను.

"దాని మీద వండేదెవరండి? వంటకి వెనకాల ఇంకో కిచెన్ ఉందిగా," అన్నారావిడ.

పులుసు కాగేది వెనకాల, ఫోటోలు దిగేది ముందర. సరే, ఎవరి ముచ్చట వారిది.

ఇలాంటి పనికి నా దగ్గర సూరిబాబు ఒక్కడే. ధవళేశ్వరం మనిషి, పద్నాలుగేళ్లుగా నాతోనే ఉన్నాడు. పైపలక అంచునీ కాలి అంచునీ చెరో నలభై అయిదు డిగ్రీలు వాలుగా కోసి అతికించడాన్ని మైటర్ జాయింట్ అంటారు. సూరిబాబు అతికిస్తే గోరు పెట్టి గీసినా అతుకు దొరికేది కాదు. షెడ్డులో, దుమ్ము లేవకుండా నీళ్లు పడుతుండే మిషన్ మీద కోసి, రెండో అంతస్తుకి ఆరుగురు మోసి, బిగించాం. రత్నకుమారి గారు చేత్తో నిమిరి చూసి మురిసిపోయారు.

గృహప్రవేశం ఇంకో రెండు రోజులుందనగా, ఏర్పాట్లు చూడ్డానికి సిద్ధాంతి గారు వచ్చారు. వంటగదిలో అడుగుపెట్టి ఆగిపోయారు.

"ఈశాన్యం మూల ఇంత బరువేంటమ్మా? ఆ కాలు తొమ్మిదంగుళాలైనా ఇవతలికి జరగాలి. అలా ఉంచి పాలు పొంగిస్తే మంచిది కాదు."

ఈ మాట మూడు నెలల క్రితం కాగితం మీద గీత గీసినప్పుడు చెప్పొచ్చుగా. గీత ఆయనకి చూపించనేలేదట. ఆ పక్క కుర్చీల కోసం వదిలిన జాగా ఉంది కాబట్టి గట్టు కురచ చేయడం అసాధ్యమేం కాదు. కానీ కాలు ఊడదీసి, రెండు అంచులూ మళ్లీ వాలుగా కోయాలి.

"షెడ్డుకి దింపి కోసుకొస్తామండి," అన్నాను.

"మెట్ల మీద పగిలితే ఎల్లుండికి ఏం చేస్తారండి? ఇక్కడే కోసెయ్యండి."

"అయితే నీళ్లు కావాలండి."

"నీళ్లా? ఉడెన్ ఫ్లోరింగ్ ఉబ్బిపోద్దండి. వద్దు."

సూరిబాబు నన్ను పక్కకి పిలిచాడు. "గురువుగారు, గ్రానైట్ దుమ్ములా కాదండి ఇది. మొన్న ఒక చోట ఇలాగే కోస్తే వారం రోజులు దగ్గు వదల్లేదు."

అప్పుడు నేనన్న మాట ఇది: "కానీరా, రెండు కోతలే కదా. పెద్ద పార్టీ, మాట పోగొట్టుకోకూడదు."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. వాడు తల ఊపాడు.

హాల్లో కొత్త సోఫాల మీద దుమ్ము పడకూడదని వంటగది గుమ్మానికి ప్లాస్టిక్ షీట్ కట్టి, అంచులకి టేపు వేశారు. టేపు ముక్కలు తెంపి ఇచ్చింది నేనే. మూతికి రుమాలు కట్టుకుని సూరిబాబు లోపల, ముక్కులకి మాస్కులు పెట్టుకుని మేమందరం బయట. రెండు కోతలన్నది మూడు గంటలు పట్టింది. షీటు వెనక మనిషి కనపడలేదు, రాయి కోసే చేతి గ్రైండర్ మోతే వినపడింది. బయటికొచ్చేసరికి జుట్టు, కనుబొమ్మలు, రెప్పలు ముగ్గుపిండిలో దొర్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఎవరో "తాతయ్యవైపోయావు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అతుకు మళ్లీ కనపడలేదు. గృహప్రవేశం నాడు పాలు మాత్రం వెనక వంటగదిలోనే పొంగించారు.

ఆ తర్వాత కూడా నీళ్లు లేని కోతలు చాలానే కోయించాను. ఏడాదిన్నరకి సూరిబాబు దగ్గు ముదిరింది. టీబీ అనుకుని ఆరు నెలలు మాత్రలు మింగాడు. మనిషి సగమయ్యాడు. చివరికి కాకినాడ తీసుకెళ్తే, ఛాతీ డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "ఏం పని చేస్తావు?" అని అడిగారు.

"రాయి కోస్తానండి."

"ఇది టీబీ కాదు, సిలికోసిస్. ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో దిగిపోయింది. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఇక దుమ్ము దగ్గరికి వెళ్లకు." నా వైపు తిరిగి, "మీరేమవుతారు?" అన్నారు.

"పని చేయించేవాణ్ణండి."

"మాస్క్ ఇచ్చారా?"

"రుమాలు కట్టుకునేవాడండి," అన్నాను. ఆయన అదీ కాగితం మీద రాసుకున్నారు.

ఆ ఒక్క రోజు వల్ల వచ్చింది కాదని, ఏళ్ల తరబడి పోగైందని ఆయనే చెప్పారు. కానీ అంతకుముందు తెలియక కోశాం. ఆ రోజు వాడు తెలిసి చెప్పాడు, నేను విని కోయించాను.

మొన్న రత్నకుమారి గారు ఫోన్ చేశారు. వాళ్ల చెల్లెలి గారి ఫ్లాట్‌లో అలాంటి ఐలాండే కావాలట, ఆ మనిషే చేయాలట. సంగతి చెప్పాను.

"అయ్యో పాపం. సిగరెట్లు తాగేవాడాండి?"

"లేదండి. కావాలంటే షెడ్డులో నీళ్లతో కోసి తెస్తాను. ఇంట్లో మాత్రం మిషన్ పెట్టను. గీత ముందే సిద్ధాంతి గారికి చూపించి, మార్పులేమైనా ఉంటే చెప్పండి."

"అదేంటండి, మాకు చేశారుగా? సరే, వేరేవాళ్లని చూసుకుంటాం లెండి," అన్నారు. చూసుకున్నారు కూడా. వాళ్లు ఇంట్లోనే కోశారని విన్నాను. నేను మానేసినంత మాత్రాన ఊళ్లో ఎవరి గ్రైండరూ ఆగలేదు.

ఆ వారం ధవళేశ్వరం వెళ్లాను. సూరిబాబు మంచం మీంచి గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. నలభై రెండేళ్ల మనిషి. వాడికి సంతోషంగా ఉంటుందనుకుని, పెద్ద పని వదులుకున్నానని, నీళ్లు లేకుండా కోయనని ముఖం మీదే చెప్పేశానని గొప్పగా చెప్పాను.

వాడు నెమ్మదిగా కూర్చున్నాడు. కోపమేమీ లేదు గొంతులో.

"ఆ రోజు అనాల్సిందండి," అన్నాడు.