బెల్టు బిగించనన్న పానా అత్త

నీళ్ళ మధ్యలో ఇంజను ఆగిపోతే పాపను ఎలా పట్టుకోవాలి?

పడవెక్కిన ప్రతిసారీ నాకు ముందు వచ్చే ఆలోచన ఇదే. అందుకే ఒడ్డున ఉండగానే నా మూడేళ్ళ కూతురికి లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు బలంకొద్దీ లాగి కట్టేవాణ్ణి. ఆ రోజు దానికి అవతలి ఒడ్డున ఆసుపత్రిలో టీకా వేయించాలి. పడవ నిండింది. ఇంజను అందుకోగానే కీచుమని కూత పెట్టింది. మా మేనత్త వెంటనే ఆపేసింది.

అత్త ఆ పడవకు మెకానిక్కు. అందరూ పానా అత్త అంటారు. ఒకప్పుడు అదే పడవలో టిక్కెట్లు ఇచ్చేది. ఇంజను మొరాయించినప్పుడల్లా మెకానిక్కుకు కబురంపి, జనం తిట్లు తను తినడం ఆమెకు గిట్టలేదు. వచ్చినవాడి పక్కనే నిలబడి పని చూసింది. టిక్కెట్ల సంచిలో ఓ పానా చేరింది. "ఆడదానివి, నీకెందుకీ మసి?" అన్నవాళ్ళతో, "మసి సబ్బుతో పోతుంది, మీ సలహాలే పోవట్లేదు" అనేది.

ఆ ఇంజనుకు ఒకటే బెల్టు. నీటిపంపునూ, బ్యాటరీకి కరెంటిచ్చే ఆల్టర్నేటర్‌నూ అదే తిప్పుతుంది. అది జారినా తెగినా పంపు నీళ్ళు తోడదు, ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. అత్త బెల్టును మెలితిప్పి లోపలి వైపు చూసింది. అంతా పగుళ్ళు.

ఓనరు వచ్చి తొంగిచూశాడు. "ఇంకాస్త బిగించు, కూత ఆగుతుంది."

"కూత ఆగుతుంది సరే, పగులు ఆగుతుందా? కొత్తది తెమ్మని ఎన్నిసార్లు చెప్పాను?"

"సాయంత్రం చూద్దాం. జనం కూర్చున్నారు."

అత్త బోల్టు వదులు చేసి, బెల్టు ఊడదీసి, మెడలో వేసుకుని ఇంజను పెట్టె మీద కూర్చుంది.

"ఇదేం పని?"

"దండ. మీరెలాగూ వెయ్యరుగా."

జనం నవ్వారు. ఓనరు నవ్వలేదు. "తెగేదాకా లాగకు, చెబుతున్నా."

"పొద్దుట్నుంచీ నేను చెబుతున్నదీ అదే."

"రేపట్నుంచి పనిలోకి రాకు."

"రేపటి సంగతి రేపు. ఇవాళ ఈ ఇంజను నా చేతుల్లో ఉంది. ఈ బెల్టుతో ఇంతమందిని తీసుకెళ్ళను."

నేను ఉండబట్టలేక, "అత్తా, ఆసుపత్రి మూసేస్తారేమో" అన్నాను.

"టీకా రేపైనా వేస్తారు. కూర్చోరా."

పాపను ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాను. వెనకనుంచి ఓ ముసలావిడ, "కొత్తది వస్తేనే కదులుదాం, నాకేం పెళ్ళిచూపులా?" అంది. ఇంకెవరూ తొందరపెట్టలేదు. ఓనరు గొణుక్కుంటూ స్కూటరెక్కాడు.

కొత్త బెల్టు వచ్చింది. అత్త దాన్ని పుల్లీల మీద ఎక్కించి, ఆల్టర్నేటర్‌ను కర్రతో బయటికి నెట్టిపట్టి, రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో నొక్కింది. బెల్టు అరంగుళం లోపలికి దిగింది.

"ఇంకొంచెం బిగించు అత్తా" అన్నాను. లాగుడు పెరిగితే బేరింగు మీద బరువు పెరుగుతుందని చదువుకున్నవాణ్ణే. కానీ జారుతుందేమోనన్న భయం ఆ చదువును మింగేసింది.

"చూశావా, మీవాడే అంటున్నాడు" అన్నాడు ఓనరు.

"మీ ఇద్దరికీ బిగించడమే కావాలి. మీకేమో మళ్ళీ చూడ్డానికి బద్ధకం, వీడికేమో భయం. మరీ బిగిస్తే బేరింగు పోతుంది. అప్పుడు మీరిద్దరూ తెడ్లు వెయ్యండి."

ఆమె తన కొలతకే బోల్టు బిగించింది. ఇంజను కాసేపు తిప్పింది, ఆపింది, మళ్ళీ నొక్కి చూసింది. కొత్త బెల్టు కాస్త సాగింది. ఆ కాస్తా సరిచేసింది. ఈసారి కూత లేదు.

పాత బెల్టును ఓనరు కుర్చీ ఎదురుగా మేకుకు తగిలించింది. "తీశారంటే మళ్ళీ మెడలో వేసుకుంటా" అంది. మర్నాడు పనిలోకి వచ్చింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. బెల్టు ఇప్పటికీ ఆ మేకుకే ఉంది.

ఆ రోజు పడవ కదలబోయే ముందు అత్త పాప జాకెట్ పట్టీ కింద వేలు దూర్చబోయింది. దూరలేదు. పాప మెడ కింద ఎర్రగా కందింది. అత్త పట్టీ వదులు చేసి, మళ్ళీ కట్టి, నాకేసి చూసి ఓ మాట చెప్పింది. ఇప్పుడు జాకెట్ తొడిగిన ప్రతిసారీ అలాగే చేస్తున్నాను.

"భయమేసినంత బిగించకురా. కట్టు, వేలు పెట్టి చూడు, నాలుగడుగులు నడవనిచ్చి మళ్ళీ చూడు."