బుర్రలో దబ్కే

మా చిన్నాన్న కొడుకు నిదాల్ ఏ పనైనా ముందు బుర్రలో చేస్తాడు. అక్కడ కుదిరాకే ఒళ్ళు కదుపుతాడు. వాడికి పద్నాలుగేళ్ళు. డాక్టరు ఆటిజం అన్నాడు. "ఈ ఇర్బిద్ ఊరు మొత్తంలో ఆలోచించి అడుగేసేవాడు వీడొక్కడే, దానికీ ఓ పేరు పెట్టాలా?" అంది మా నానమ్మ.

బంతి విసిరితే కళ్ళు మూసుకుంటాడు. బంతి ముక్కుకి తగులుతుంది. పావుగంటాగి చేతులు చాచి, "ఇప్పుడెయ్యన్నా" అంటాడు. ఇక ఆ తర్వాత వాడి చేతిలోంచి బంతి జారితే నా పేరు హాజిం కాదు!

"టీ తాగరా, చల్లారిపోతోంది."

"ఆగన్నా, ఇంకా గ్లాసు ఎత్తలేదు."

మా అన్న రాకాన్ పెళ్ళి కుదిరింది. చేతులు పట్టుకుని ఆడే దబ్కే నాట్యంలో వరసకి ముందుండి నడిపించాల్సింది నేను. మోటారు సైకిల్ మీంచి పడి నా ఎడమ మోకాలు దెబ్బతింది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. "కాలేజీ ఎలాగూ సగంలో వదిలేశావు, దబ్కే అయినా చివరిదాకా ఆడు" అన్నాడు నాన్న. నేను కూలబడితే వరసంతా నా మీదే కూలుతుంది. ఊరు ఏడాదిపాటు నవ్వుతుంది.

మూడు వారాలు సాధన చేశాం. నిదాల్ కాసేపు నా కాళ్ళకేసి చూసి, గోడకానుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. చెప్పుల్లో కాలి వేళ్ళు మాత్రం కదిలేవి.

"యల్లా, కానీరా, దిగు! ఆరు అడుగులేగా!"

"ఇంకా అవలేదు."

పెళ్ళిలో డోలు మోగింది. నా పక్కవాణ్ణి తోసేసి నిదాల్ వరసలో దూరాడు. ఎవర్నీ ముట్టుకోనివాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు! మూడో చుట్టులో ఎగిరి దిగానో లేదో, మోకాలు జారింది. నేను ఒరిగేలోపే వాడి భుజం నా చంక కిందుంది. మళ్ళీ ఎగిరాను, మళ్ళీ జారింది, మళ్ళీ భుజం! ఇదేదో కొత్త అడుగనుకుని జనం ఈలలే ఈలలు!

డోలు ఆగాక వాణ్ణి పక్కకి లాగాను. "నా మోకాలి సంగతి నీకెలా తెలుసురా?"

"మూడు వారాలు అదే చేశాగా."

"నీ అడుగులు కాదూ?"

"నావి మొదటిరోజే అయిపోయాయి. మిగతావన్నీ నీవి. నీ మోకాలితో రెండొందల పదకొండుసార్లు పడ్డానన్నా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నువ్వూ చెప్పలేదుగా."

ఇంతలో నాన్న చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఆ ఒరిగే అడుగు ఎవరు నేర్పార్రా? పెళ్ళికూతురివాళ్ళు ఇంకోసారి ఆడమంటున్నారు!"

నేను నిదాల్ వైపు తిరిగాను. వాడు అప్పటికే నా ఎడమపక్కకి వచ్చి, భుజం సరిచేసుకుని నిలబడ్డాడు.