మణికట్టు ఇడవని నర్సమ్మ

గల్ఫ్‌లో నేనుండే అర్దియాలో, క్లినిక్‌లో మా కడప నర్సమ్మ ఒకామె ఉండేది. మాట్లాడితే మణికట్టు పట్టుకునేది, ఇడిచేది కాదు.

"అక్కా, గర్భసంచి మూతికి క్యాన్సర్ పరీక్ష చేయించుకుంటివా?"

నాకు అనుమానం. ఇఖామాకు, అంటే ఈడ ఉండే పర్మిట్టుకు, చేసే మెడికల్‌లో రోగం బయటపడితే ఊరికి పంపిస్తారు గదా. నేను పనిచేసే ఇంటి యజమానమ్మకు, మా మామాకు, ఈమె చెప్తే నా బతుకు ఖలాస్ అనుకుంటి.

"మొగుడు సచ్చినదానికి ఇదెందుకమ్మా?"

"నీ మొగుడు ఉండాడా లేడా అని అడిగి రాదక్కా క్యాన్సర్."

అట్లే పరీక్ష గదిలోకి తీసకపోయింది, లోపల కూడా చెయ్యి ఇడవలేదు. రిపోర్టు వచ్చినాక ఏమీ లేదని నా చెవిలోనే చెప్పింది. మూడేండ్లకు మళ్లా రమ్మనింది.

ఇప్పుడా నర్సమ్మ యాడుందో. ఆమెను పూర్తిగా నమ్మితినని చెప్పను. మొన్న మాత్రం మళ్లా ఆ పరీక్షకు పోయినా, పక్కింటి పనామె మణికట్టు పట్టుకొని. ఆ పిల్ల నన్ను అనుమానంగానే చూసింది. నేను ఇడవలేదు.