కంకులతో సహా తుంచిన కనకాంబరాలు

పెళ్లయ్యాక తొలి ఆడి మాసం, తమిళనాట కొత్త అల్లుడికి విందు పెట్టే నెల. అత్తగారు పొదటూరుపేటకు విందుకు పిలిచారు. సముద్రం ఒడ్డున పళవేర్కాడులో పుట్టిన నాకు రొయ్యలు తెలుసు గానీ పూల సంగతి తెలియదు. అయినా పనిమంతుడిననిపించుకోవాలని పొద్దున్నే గంప తీసుకుని వాళ్ల కనకాంబరం తోటలో దిగాను. కంకికి కింది వరసలో మాత్రమే పూలు విచ్చుకున్నాయి, పైనంతా పచ్చగా ఉంది. ఒక చాలు మొక్కలన్నిటినీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కంకికి కంకే తుంచి గంప నింపాను.

గంప చూసి అత్తగారి మొహం పాలిపోయింది. కొత్త అల్లుడిని తిట్టేదెవరు? "పరవాలేదులేండి" అని మామగారు తోటవైపు తిరిగి నిలబడ్డారు. నా భార్యే పక్కకు లాగి చెప్పింది. "విచ్చిన పూలే దూయల్లయ్యా! పైన పచ్చగుండేదంతా రేపు, మన్నాడు పూసే మొగ్గలు. ఒక చాలంతా పాయ గదా!"

ఆ విందులో ఆకు మీదనుంచి చూపు ఎత్తకుండా తిన్నాను. ఇంక ఆ ఇంట్లో తలెత్తుకోలేననుకున్నాను.

కొన్ని వారాలకు మామగారు ఫోన్ చేశారు. "అల్లుడా, మీరు తుంచినకాడ పక్కల్నించి రెండేసి కంకులొచ్చినాయి."

తిట్టని ఆ మనుషులనూ, మళ్లీ చిగురించిన ఆ మొక్కలనూ ఎలా మరిచిపోను? నేనింకా తేరుకోకముందే ఆయన అడిగారు.

"మిగిలిన చాళ్లు తుంచేదానికి ఎప్పుడొస్తారు?"